రోడ్డు లేని చోట సెలైన్ ఎక్కించడం: ప్రథమ చికిత్స సంచిలో దానికి చోటు ఉందా?

మన్యం బాట (చర్చ ప్రారంభించినవారు):

సభ్యులందరికీ నమస్కారం. మేము పాడేరు ఏజెన్సీలో పనిచేస్తున్న యువజన బృందం. మా పరిధిలోని కొన్ని గూడేలకు ఇప్పటికీ వాహనం వెళ్లదు. రోగిని డోలీలో మోసుకుని కొండ దిగి, తారు రోడ్డు దగ్గర 108 కోసం వేచి ఉండవలసి వస్తుంది. చెట్టు మీద నుంచి పడి రక్తం పోతున్నవారు, వాంతులు విరేచనాలతో కళ్లు లోపలికి పోయినవారు, పాము కరిచినవారు, కాన్పు తర్వాత రక్తస్రావం ఆగని తల్లులు మాకు తరచుగా ఎదురవుతారు. ఈమధ్య ఒక దాత మా సంచికి సెలైన్ సీసాలు, ఐవీ సెట్లు (సీసా నుంచి ద్రవం దింపే గొట్టాలు), కాన్యులాలు (నరంలో ఉంచే సన్నని గొట్టపు సూదులు) కొనిస్తామని ముందుకొచ్చారు. మా బృందంలో ఇద్దరు నర్సింగు చదివి రిజిస్ట్రేషన్ పొందినవారు, మిగిలినవారికి ప్రథమ చికిత్స శిక్షణ మాత్రమే ఉంది. డోలీలో మూడు నాలుగు గంటలు ప్రయాణించే మనిషికి దారిలో సీసా ఎక్కిస్తే ప్రాణం నిలుస్తుందని ఊళ్లో అందరి నమ్మకం. ఆ నమ్మకం ఎంతవరకు నిజం, ఏ రోగికి నిజం అన్నది అనుభవం ఉన్నవారు చెప్పాలని కోరుతున్నాను.

నల్లమల నడక:

నేను అడవి నడకలకు బృందాలను తీసుకువెళ్లేవాడిని. నా అభిప్రాయంలో ఈ సామాను తప్పనిసరిగా ఉండాలి. రక్తం పోయిన మనిషికి నాళాల్లో ద్రవం తగ్గుతుంది, దాన్ని నింపకపోతే గుండె కొట్టుకోవడానికే ఏమీ మిగలదు. ఆస్పత్రిలో మొదట చేసే పని సీసా తగిలించడమే అయినప్పుడు, ఆస్పత్రి నాలుగు గంటల దూరంలో ఉన్నవాడికి ఆ పని ఇంకా ముందే జరగాలి కదా. నర్సులు ఉన్న బృందం ఆ అవకాశాన్ని వదులుకోవడం సరికాదు.

అత్యవసర వార్డు:

నేను ప్రభుత్వ ఆస్పత్రి అత్యవసర విభాగంలో పనిచేసే వైద్యుడిని. నల్లమల గారి వాదన వినడానికి సహజంగానే ఉంది, చాలాకాలం వైద్యులు కూడా అలాగే నమ్మారు. అయితే రక్తం కారుతున్న మనిషి విషయంలో ఆ నమ్మకాన్ని పరీక్షించి చూసినప్పుడు ఫలితం వేరుగా వచ్చింది. అమెరికాలోని హ్యూస్టన్ నగరంలో, ఛాతీకి లేదా పొట్టకు కత్తిపోటో తుపాకి గాయమో తగిలి రక్తపోటు పడిపోయిన 598 మంది మీద జరిగిన అధ్యయనం 1994లో ప్రచురితమైంది. దారిలోనే ద్రవాలు ఎక్కించిన వారిలో 62 శాతం మంది బతికితే, శస్త్రచికిత్స గదికి చేరేవరకు ద్రవాలు ఆపి ఉంచిన వారిలో 70 శాతం మంది బతికారు.

కారణం అర్థం చేసుకుంటే ఆశ్చర్యం ఉండదు. రక్తపోటు తగ్గినప్పుడు తెగిన నాళం చివర ఒక మెత్తటి గడ్డ కడుతుంది. మనం ద్రవం పోసి రక్తపోటును ఒక్కసారిగా పెంచితే ఆ గడ్డ ఊడిపోతుంది. సెలైన్‌లో ఎర్రకణాలు లేవు, గడ్డకట్టించే ప్రోటీన్లు లేవు. కాబట్టి అది ఎక్కినకొద్దీ మిగిలిన రక్తం పలచబడి, ప్రాణవాయువు మోసే శక్తీ గడ్డకట్టే శక్తీ రెండూ తగ్గుతాయి. పైగా కొండగాలికి చల్లబడిన సీసా శరీర ఉష్ణోగ్రతను తగ్గిస్తుంది, చల్లబడిన శరీరంలో రక్తం సరిగా గడ్డకట్టదు. ఎక్కించిన సెలైన్‌లో గంట తిరిగేసరికి సుమారు నాలుగో వంతు మాత్రమే నాళాల్లో నిలుస్తుంది, మిగిలినది కణజాలంలోకి జారి వాపుగా మారుతుంది.

అందువల్ల చెట్టు మీద నుంచి పడి కాలు తెగిన మనిషికి మీ బృందం చేయగలిగిన అత్యంత విలువైన పని గాయం మీద గట్టిగా, వదలకుండా ఒత్తిపట్టడం. లోతైన గాయంలో శుభ్రమైన గుడ్డ కూరి ఒత్తాలి. చేయి లేదా కాలు నుంచి ఎగజిమ్మే రక్తం ఒత్తిడికి ఆగకపోతే, గాయానికి పైన, కీలు మీద కాకుండా, వెడల్పాటి టోర్నికే (రక్తప్రవాహాన్ని ఆపే బిగింపు పట్టీ) బిగించి బిగించిన సమయం రాసిపెట్టాలి. ఆ తర్వాత దుప్పటి కప్పి వెచ్చగా ఉంచి బయలుదేరాలి.

సైరన్:

నేను 108లో అత్యవసర వైద్య సాంకేతికుడిని. డాక్టరు గారు చెప్పినదానికి క్షేత్రంలోని ఒక సంగతి కలుపుతాను. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2005 ఆగస్టు 15న 108 సేవ మొదలైనప్పటి నుంచి మా పని అంతా గడియారంతో ముడిపడి ఉంది. రక్తం పోయిన మనిషి నరాలు ముడుచుకుపోతాయి. చీకటిలో, టార్చి వెలుగులో, చుట్టూ బంధువులు ఏడుస్తుండగా కాన్యులా పెట్టడం ఎంత నేర్పు ఉన్నవారికైనా కష్టమే. మొదటి ప్రయత్నం విఫలమైతే రెండో చేయి, అదీ కాకపోతే మోచేతి మడత, ఇలా సంఘటన స్థలంలోనే విలువైన సమయం గడిచిపోతుంది. మాకు నేర్పే పద్ధతి ఏమిటంటే, బండి కదిలిన తర్వాతే నరం వెతకాలి, దానికోసం బండిని ఆపకూడదు. డోలీకి కూడా అదే నియమం వర్తిస్తుందని నా అభిప్రాయం. సీసా తగిలించడానికని డోలీని నేల మీద ఉంచిన ప్రతి నిమిషమూ రోగి ఖాతాలోంచి పోతుంది.

నల్లమల నడక:

హ్యూస్టన్ పెద్ద నగరం. అక్కడ గాయపడినవారిని కొద్ది నిమిషాల్లోనే శస్త్రచికిత్స గదికి చేర్చగలరు. ఆ ఫలితాన్ని తెచ్చి మన్యం కొండల మీద పెట్టడం ఎంతవరకు న్యాయం? అక్కడ ద్రవం ఆపితే అరగంటో గంటో ఆపినట్లు, ఇక్కడ నాలుగు గంటలు ఆపాలి. తలకు దెబ్బ తగిలి రక్తపోటు పడిపోయినవాడిని అలాగే వదిలేస్తే మెదడు ఏమవుతుంది?

అత్యవసర వార్డు:

ఇది న్యాయమైన అభ్యంతరం, దీన్ని తేలికగా తీసుకోకూడదు. ఆ అధ్యయనం చొచ్చుకుపోయిన గాయాల గురించి, దగ్గరి ఆస్పత్రి గురించి. తలకు బలమైన దెబ్బ తగిలినవారికి తక్కువ రక్తపోటు హానికరం, వారిలో రక్తపోటు పై సంఖ్య కనీసం 100 నుంచి 110 వరకు ఉండేలా చూస్తాం. గంటల తరబడి ప్రయాణం ఉన్నప్పుడు శరీరాన్ని పూర్తిగా ఎండబెట్టి ఉంచడమూ కుదరదు. కానీ దానికి జవాబు లీటర్ల కొద్దీ పోయడం మాత్రం కాదు. శిక్షణ పొందినవారు ఉంటే, రక్తస్రావం కనిపించేచోట ఆపిన తర్వాత, మణికట్టు దగ్గర నాడి అందుతోందా, మనిషి పిలిస్తే సరిగా పలుకుతున్నాడా అని చూస్తారు. రెండూ ఉంటే ద్రవం అవసరం లేదు. నాడి అందకుండా పోయి, స్పృహ మసకబారుతుంటే 250 మిల్లీలీటర్లు ఇచ్చి, ఆగి, మళ్లీ నాడి చూస్తారు. నాడి అందగానే ఆపుతారు. రక్తపోటును మామూలు స్థాయికి తేవడం అక్కడి లక్ష్యం కాదు, ప్రాణాన్ని శస్త్రచికిత్స గది దాకా నిలపడం లక్ష్యం.

జవాను వైద్యం:

సైన్యంలో నర్సింగ్ అసిస్టెంటుగా పనిచేసి విశ్రాంతి తీసుకున్నాను. కొన్ని దశాబ్దాల క్రితం గాయపడిన ప్రతి జవానుకూ చేతిలో సూది ఉండాలన్న పట్టుదల ఉండేది. ఇప్పుడు సైనిక వైద్యంలో ఆలోచన మారింది. ముందు రక్తస్రావం, తర్వాత శ్వాస, ఆ తర్వాతే నరం సంగతి. రక్తం పోయినవాడికి తిరిగి ఇవ్వవలసినది రక్తమే అన్న అవగాహన బలపడింది.

అయితే నరానికి దారి పెట్టడం, ద్రవం పోయడం ఒకటి కాదని గమనించాలి. కాన్యులా పెట్టి, మూత బిగించి, కొద్ది సెలైన్‌తో శుభ్రపరిచి ఉంచితే, తర్వాత మందు ఇవ్వడానికి అది పనికొస్తుంది. రక్తస్రావాన్ని తగ్గించే ట్రానెక్సామిక్ ఆమ్లం అనే మందు సంగతే తీసుకోండి. 2010లో వెలువడిన క్రాష్-2 అధ్యయనం 20,000కు పైగా గాయపడినవారిలో దాన్ని పరీక్షించి, రక్తస్రావ మరణాలను అది తగ్గిస్తుందని చూపింది. గాయమైన 3 గంటలలోపు ఇస్తేనే ఆ మేలు, ఆ తర్వాత ఇస్తే కీడు జరిగే అవకాశం ఉంది. మూడు నాలుగు గంటల డోలీ ప్రయాణంలో ఆ గడువు దారిలోనే తీరిపోతుంది కనుక, వైద్యుడి ఆదేశంతో మీ నర్సులు దారిలోనే ఇవ్వగలిగితే ప్రయోజనం ఉంటుంది.

కాన్యులా ఎంపికలోనూ జాగ్రత్త కావాలి. గొట్టం వ్యాసార్థం నాలుగో ఘాతాన్ని బట్టి ప్రవాహం మారుతుంది, అంటే వెడల్పులో చిన్న తేడా వేగంలో చాలా పెద్ద తేడా అవుతుంది. గేజ్ సంఖ్య తగ్గేకొద్దీ గొట్టం వెడల్పు పెరుగుతుంది. పెద్దవారికి ఆకుపచ్చ రంగు 18 గేజ్, వీలైతే బూడిద రంగు 16 గేజ్ మోచేతి దగ్గర పెట్టాలి. నీలం రంగు 22 గేజ్ పెట్టి రెండు సీసాలు వేలాడదీసినా ప్రవాహం సన్నగానే ఉంటుంది. విరిగిన చేతికి, గాయానికి కింది వైపు పెట్టకూడదు.

పల్లె నర్సు:

అందరూ గాయాల గురించే మాట్లాడుతున్నారు. మన్యంలో వానాకాలం వచ్చిందంటే ఎక్కువమందిని కుంగదీసేది వాంతులు, విరేచనాలు. నరంలోకి ద్రవం ఎక్కించడం అన్న ఆలోచన పుట్టిందే కలరా నుంచి. 1832లో స్కాట్లండ్‌లోని లీత్ పట్టణంలో థామస్ లట్టా అనే వైద్యుడు కలరాతో చావుబతుకుల్లో ఉన్నవారి నరాల్లోకి ఉప్పునీరు ఎక్కించి, కొందరు లేచి కూర్చోవడం చూసి ఆ సంగతి లాన్సెట్ పత్రికకు రాశారు. తీవ్రంగా ఎండిపోయిన రోగికి ద్రవం నిజంగానే ప్రాణదానం, ఎందుకంటే అతను పోగొట్టుకున్నది నీరూ లవణాలే, మనం ఇస్తున్నదీ అవే. రక్తం పోయిన రోగికీ ఇతనికీ ఉన్న తేడా ఇక్కడే ఉంది.

కానీ ఆ సూది అవసరమయ్యేది కొద్దిమందికే. 1971లో బంగ్లాదేశ్ యుద్ధకాలంలో పశ్చిమ బెంగాల్‌లోని బనగావ్ శరణార్థి శిబిరంలో కలరా చెలరేగి, సెలైన్ సీసాలు అయిపోవచ్చినప్పుడు, డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు, సోడా ఉప్పు కలిపిన నీటిని పీపాల్లో ఉంచి, రోగుల బంధువుల చేతనే తాగించారు. 30 శాతం దాకా ఉన్న మరణాలు 4 శాతం లోపుకు దిగాయి. ఆయన మరణానంతరం 2023లో పద్మవిభూషణ్ ప్రకటించారు. ఆ శిబిరంలోని కష్టం మన కొండ మీద ఉన్న కష్టం కంటే తక్కువది కాదు, అక్కడ పనిచేసింది ఇక్కడా పనిచేస్తుంది.

కాబట్టి తాగగలిగిన ప్రతి రోగికీ ఓఆర్ఎస్. ప్యాకెట్టు మీద రాసిన కొలత నీటిలోనే కలపాలి, తక్కువ నీటిలో చిక్కగా కలిపితే పిల్లలకు ప్రమాదం. వాంతి అయితే 10 నిమిషాలు ఆగి చెంచాతో నెమ్మదిగా మళ్లీ మొదలుపెట్టాలి. తాగలేనంత మగతగా ఉండి, చర్మం పట్టి వదిలితే ముడత మెల్లగా గాని పోకుండా, నాడి అందనివారికి మాత్రమే రింగర్ లాక్టేట్ (లవణాలు కలిసిన సీసా ద్రవం). ప్రపంచ ఆరోగ్య సంస్థ పద్ధతిలో పెద్దవారికి, ఏడాది దాటిన పిల్లలకు బరువులో ప్రతి కిలోకు మొత్తం 100 మిల్లీలీటర్లు: మొదటి 30 అరగంటలో, మిగిలిన 70 రెండున్నర గంటల్లో. ఏడాది లోపు పసిబిడ్డలకు అదే మోతాదులో మొదటి 30ని గంటలోనూ, మిగిలిన 70ని 5 గంటల్లోనూ ఇస్తారు.

పిల్లల విషయంలో ఒక హెచ్చరిక చేయకుండా ఉండలేను. జ్వరంతో వణుకుతూ చల్లబడిన బిడ్డను చూసి వెంటనే సీసా పెట్టాలనిపిస్తుంది. ఉగాండా, కెన్యా, టాంజానియాల్లో తీవ్ర జ్వరంతో రక్తప్రసరణ మందగించిన 3,000 మందికి పైగా పిల్లల మీద జరిగిన ఫీస్ట్ అధ్యయనం 2011లో వెలువడింది. వేగంగా ద్రవం ఎక్కించిన పిల్లల్లో 48 గంటల్లో 10.5 శాతం మంది, ఎక్కించని పిల్లల్లో 7.3 శాతం మంది చనిపోయారు. విరేచనాలతో ఎండిపోయిన పిల్లలను ఆ అధ్యయనంలో చేర్చలేదు. ఏ బిడ్డ ఎండిపోయాడు, ఏ బిడ్డ మలేరియాతో రక్తహీనతతో ఉన్నాడు అన్నది తేల్చుకోకుండా సీసా తెరవడం ఎంత ప్రమాదమో ఆ సంఖ్యలు చెబుతున్నాయి. మన్యంలో మలేరియా ఎంత ఉందో వేరే చెప్పనక్కరలేదు.

సైరన్:

సిస్టర్ గారు చెప్పిన మాట ఊళ్లలో వినిపించవలసిన మాట. నీరసంగా ఉందంటే గ్లూకోజు ఎక్కించమని అడగడం, కాదంటే వైద్యం చేయలేదని నొచ్చుకోవడం మన పల్లెల్లో పాతుకుపోయింది.

మందుల బీరువా:

ఫార్మసిస్టుగా ఒక లెక్క చెబుతాను. 5 శాతం డెక్స్ట్రోజు (గ్లూకోజు) ఉన్న 500 మిల్లీలీటర్ల సీసాలో ఉండేది 25 గ్రాముల చక్కెర. దాన్ని శరీరం వాడుకున్న తర్వాత మిగిలేది వట్టి నీరు, అది నాళాల్లో దాదాపు నిలవదు. అందువల్ల షాకులో, అంటే రక్తప్రసరణ కుప్పకూలిన స్థితిలో ఉన్నవారికి డెక్స్ట్రోజు పనికిరాదు. దాత గారు కొనేముందు ఈ తేడా తెలియజేయండి, ఎందుకంటే దుకాణంలో సీసాలన్నీ చూడటానికి ఒకేలా ఉంటాయి. నిలవ సంగతి కూడా ఆలోచించండి. లేబుల్ మీద 30 డిగ్రీలకు మించని చోట ఉంచమని రాసి ఉంటుంది, వేసవిలో రేకుల గదిలోనో జీపు వెనకాలో పడి ఉన్న సీసా ఆ హద్దు దాటిపోతుంది. వాడేముందు వెలుగుకు ఎదురుగా పట్టి చూసి, మబ్బుగా ఉన్నా, నలుసులు కనిపించినా, ఒత్తితే కారినా పక్కన పెట్టాలి. ఒకసారి తెరిచిన సీసాలో మిగిలినది మరో రోగికి వాడకూడదు.

బొగ్గుగని:

సింగరేణి ప్రాంతంలో గని రక్షణ బృందంలో శిక్షణ పొందినవాడిని. డాక్టరు గారి అనుమతితో ఒక మినహాయింపు గుర్తుచేస్తాను. పైకప్పు కూలి బండ కింద కాలో తొడో చాలాసేపు నలిగిపోయినవాడిని బయటికి లాగేముందే ద్రవం మొదలుపెట్టాలని మాకు చెప్పేవారు. నలిగిన కండరంలో పేరుకున్న పొటాషియం, కండర వర్ణకం బండ తీయగానే ఒక్కసారిగా రక్తంలోకి వస్తాయి. అప్పటిదాకా మాట్లాడుతున్న మనిషి గుండె ఆగి చనిపోవచ్చు, బతికితే మూత్రపిండాలు దెబ్బతినవచ్చు. 1941లో లండన్‌లో బాంబుదాడుల శిథిలాల నుంచి తీసినవారిలో బైవాటర్స్ అనే వైద్యుడు దీన్ని వివరించారు. మన్యంలో బొగ్గుగనులు లేకపోయినా, కొండచరియ విరిగినప్పుడు, ట్రాక్టరు తిరగబడినప్పుడు ఇదే పరిస్థితి.

అత్యవసర వార్డు:

సరిగ్గా చెప్పారు. సంఘటన స్థలంలోనే, కదిలించేముందే ద్రవం మొదలుపెట్టవలసిన సందర్భం ఇది. పెద్దవారికి గంటకు సుమారు లీటరు చొప్పున మామూలు సెలైన్ ఇస్తారు, పొటాషియం కలిసి ఉన్నందున రింగర్ లాక్టేట్‌ను ఇక్కడ వాడరు. నిర్ణయం వైద్యుడిది, చేసేది శిక్షణ పొందిన చేయి.

పాము కాటు, కాన్పు, వడదెబ్బ గురించి కూడా చెప్పి ముగిస్తాను. పాము కాటుకు సెలైన్ విరుగుడు కాదు, విరుగుడు విషహర మందే, దాన్ని ఆస్పత్రిలో ఇస్తారు. రక్తపింజరి కరిచినవాడి రక్తం గడ్డకట్టదు కనుక సూది గుచ్చిన ప్రతిచోటా కారుతూనే ఉంటుంది. కాలిని కదలకుండా కట్టె బద్దలతో కట్టి, నడిపించకుండా మోసుకెళ్లడమే ప్రథమ చికిత్స. కాన్పు తర్వాత రక్తస్రావంలో పొత్తికడుపు మీద గర్భాశయాన్ని గట్టిపడేదాకా మర్దించడం, బిడ్డను పాలకు పెట్టడం, ఆశా కార్యకర్త దగ్గర గర్భాశయాన్ని ముడుచుకునేలా చేసే మిసోప్రోస్టాల్ మాత్రలు ఉంటే ఇవ్వడం ముందు జరగాలి. మీ నర్సులు దారిలో వెడల్పాటి కాన్యులా పెట్టగలిగితే అది ఇక్కడ నిజంగా అక్కరకొస్తుంది. వడదెబ్బ తగిలి స్పృహ తప్పినవాడిని నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒళ్లంతా నీళ్లు పోస్తూ విసరాలి. 2015 వేసవిలో మన రెండు రాష్ట్రాల్లో ఎంతమంది పోయారో అందరికీ గుర్తుంది. వారికి ముందు కావలసింది చల్లదనం, సీసా దాని తర్వాతి మాట. స్పృహ లేనివారి నోట్లో మాత్రం నీళ్లు పోయకూడదు.

నల్లమల నడక:

నా మొదటి అభిప్రాయాన్ని సవరించుకుంటున్నాను. ఎండిపోయిన రోగి, రక్తం కారుతున్న రోగి ఇద్దరికీ ఒకే సీసా అనుకోవడం దగ్గరే నా వాదన తేలిపోయింది. అయినా దూరం అన్న అంశాన్ని వదలకూడదని ఇప్పటికీ అంటాను. నర్సులు ఉన్న బృందానికి వైద్యుడితో ఫోనులో మాట్లాడే ఏర్పాటు ఉంటే, ఆ సామానును పూర్తిగా కాదనడం కూడా పొరపాటే.

మన్యం బాట:

అందరికీ కృతజ్ఞతలు. బృందంలో చర్చించి ఒక నిర్ణయానికి వచ్చాము. దాత గారు ఇచ్చే డబ్బులో ఎక్కువ భాగంతో ఓఆర్ఎస్ ప్యాకెట్లు, లీటరు గుర్తు ఉన్న పాత్రలు, టోర్నికేలు, గాయంలో కూరే గాజుగుడ్డ, బద్దలు, దుప్పట్లు కొంటాము. రింగర్ లాక్టేట్, సెలైన్ కొద్దిగానే కొని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉంచి, కేంద్రం వైద్యాధికారి లిఖితపూర్వకంగా అనుమతిస్తేనే, ఆయన ఫోనులో చెప్పిన రోగికే, మా ఇద్దరు నర్సులు మాత్రమే వాడతారు. ప్రథమ చికిత్స ధ్రువపత్రం ఉన్న మిగిలినవారు సూది ముట్టుకోరు. మాకు ఇంకా రెండు సందేహాలు ఉన్నాయి. వాడిన సూదులను కొండ మీద ఏం చేయాలి? డోలీలో సీసాను ఎలా పట్టుకోవాలి?

పల్లె నర్సు:

సూదికి మూత తిరిగి పెట్టవద్దు, వేళ్లకు గుచ్చుకునేది అప్పుడే. గుచ్చినా చిల్లుపడని, మూత బిగుసుకునే తెల్లని డబ్బా ఒకటి సంచిలో ఉంచి అందులో వేసి, ఆరోగ్య కేంద్రంలో అప్పగించండి. 2016 జీవవైద్య వ్యర్థాల నియమాలు కూడా పదునైన వస్తువులకు తెల్ల డబ్బానే చెబుతున్నాయి. సీసాను డోలీ కర్రకు కడితే రోగికీ సీసాకూ మధ్య ఎత్తు చాలదు, దిగుడులో రక్తం గొట్టంలోకి వెనక్కి వస్తుంది. పక్కన నడిచే మనిషి ఒకరు చేయెత్తి పట్టుకోవాలి, అలసినప్పుడు మరొకరు మారాలి. మెత్తటి ప్లాస్టిక్ సంచి అయితే బిపి పట్టీ చుట్టి ఒత్తిడితో పంపవచ్చు, కానీ ముందుగా లోపలి గాలి పూర్తిగా తీసేయాలి. ప్రతి పావుగంటకూ కాన్యులా చుట్టూ వాపు వచ్చిందేమో చూడండి. వాపు ఉంటే ద్రవం నరంలోకి పోవడం లేదు, వెంటనే ఆపాలి. ఆయాసం, దగ్గు మొదలైనా ఆపాలి.

అత్యవసర వార్డు:

దానితోపాటు రోగి చొక్కాకు ఒక కాగితం పిన్ను చేసి పంపండి. టోర్నికే బిగించిన సమయం, ఏ ద్రవం, ఎన్ని మిల్లీలీటర్లు, ఎన్ని గంటలకు మొదలైంది, నాడి ఎప్పుడు అందింది, ఎప్పుడు అందలేదు, మూత్రం వచ్చిందా, నోటి ద్వారా ఏం తాగారు అన్న వివరాలు తెలుగులోనే, చదవగలిగేలా రాస్తే చాలు. మీ వైద్యాధికారి సమ్మతిస్తే, ఆ కాగితం నమూనా, ఫోనులో ఇచ్చే ఆదేశాల నమూనా తయారుచేయడంలో నేను సహాయం చేస్తాను. ఇక్కడే వ్యక్తిగత సందేశం పంపండి.